సైకిలు చట్రంలోని గొట్టం: షార్ప్ గ్రంథం చెప్పినదీ, చెప్పనిదీ

సైకిలును గురించి ఇంగ్లీషులో వచ్చిన గ్రంథాలలో ఇంజనీర్లు ఈనాటికీ తిరగవేసే పాత పుస్తకం ఒకటి ఉన్నది. దాని పేరు 'బైసికిల్స్ అండ్ ట్రైసికిల్స్'. రచయిత ఆర్కిబాల్డ్ షార్ప్ లండనులో సౌత్ కెన్సింగ్టన్‌లోని సెంట్రల్ టెక్నికల్ కాలేజీలో ఇంజనీరింగు డిజైను బోధించినవాడు. లాంగ్‌మన్స్ గ్రీన్ సంస్థ 1896లో దీనిని అచ్చువేసింది. తరువాత ఎనభై ఏళ్లకు, 1977లో, అమెరికాలోని ఎం.ఐ.టి. ప్రెస్సు పునర్ముద్రించింది. ఇప్పుడు డిజిటల్ గ్రంథాలయాలలో ఉచితంగా దొరుకుతున్నది కాబట్టి హైస్కూలు ఉపాధ్యాయులు దీనిని సంపాదించడం కష్టం కాదు.

ఈ వ్యాసంలో ఆ గ్రంథాన్నంతా సమీక్షించబోవడం లేదు. నేను దానిని ఒకే ప్రశ్న పట్టుకొని చదివాను. యంత్రాల గుంపు లేకుండా, ఒక బల్ల, ఒక వైసు, ఒక ఆకురాయి, ఒక గ్యాసు మంట పెట్టుకొని సైకిలు చట్రం తయారుచేసే పనివారు ఇంగ్లండులో, ఇటలీలో, అమెరికాలో ఇంకా ఉన్నారు. వాళ్లు ఉక్కు గొట్టాన్ని కోస్తారు, నొక్కుతారు, వంచుతారు. ఈ మూడు పనులలో శాస్త్రం ఆదేశించినది ఎంత, అలవాటు ఎంత, అలంకారం ఎంత? షార్ప్ పుస్తకం ఈ ప్రశ్నకు సగం సమాధానం బహు చక్కగా చెబుతుంది. రెండవ సగాన్ని అసలు ముట్టుకోదు. ఆ రెండవ సగం తెలియకపోవడం వల్ల నాకు జరిగిన ఒక ముచ్చట కూడా ఉన్నది. అది తరువాత చెబుతాను.

గ్రంథం మూడు భాగాలు. మొదటిది యాంత్రికశాస్త్ర సూత్రాలు, రెండవది మొత్తం మీద సైకిళ్లను గురించి, మూడవది సైకిలు భాగాలను గురించి. యాంత్రికశాస్త్రాన్ని చివర అనుబంధంలోకి నెట్టక ముందే కూర్చోబెట్టడం ఈ పుస్తకపు గొప్పతనం. వేగం, బలం, ప్రతిబలం, వంపు, పురి అన్నీ అయిన తరువాతనే చక్రం కనిపిస్తుంది. చదివేవాడికి ఓపిక కావలె. అయితే మూడవ భాగంలో చట్రం దగ్గరకు వచ్చేసరికి ప్రతి వాక్యం వెనుక ఒక లెక్క నిలబడి ఉంటుంది. చట్రానికి రెండు అధ్యాయాలు ఇచ్చాడు: ఒకటి వర్ణన, ఒకటి ప్రతిబలాలు. ఆ రెండవ అధ్యాయం మన ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం చదివిన విద్యార్థికి అందుతుంది.

ముందుగా, చట్రానికి గొట్టమే ఎందుకు? మన పిల్లలను అడిగితే "బరువు తగ్గడానికి" అంటారు. అది సగం నిజం. 28.6 మిల్లీమీటర్ల వ్యాసం, 0.6 మిల్లీమీటరు మందం గల గొట్టంలో ఉన్న ఉక్కునంతా కరగించి అదే పొడవు కడ్డీగా పోస్తే, ఆ కడ్డీ వ్యాసం 8.2 మిల్లీమీటర్లు అవుతుంది. ఉక్కు అదే, బరువు అదే. కాని వంపును ఎదిరించే శక్తి లెక్క వేస్తే గొట్టానిది కడ్డీ కన్న 23 రెట్లు. ఉక్కు మధ్య అక్షానికి ఎంత దూరంగా ఉంటే అంత పని చేస్తుందన్నమాట. పలుచని గొట్టానికి ఈ శక్తి వ్యాసార్ధపు ఘనంతోను, మందంతోను పెరుగుతుంది. అదే మందంతో 25.4 మిల్లీమీటర్ల గొట్టానికి బదులు 28.6 మిల్లీమీటర్ల గొట్టం వేస్తే బరువు నూటికి 13 వంతులు పెరుగుతుంది, బిగువు మాత్రం సుమారు 43 వంతులు పెరుగుతుంది. ఇటువంటి లెక్కలకు కావలసిన సూత్రాలన్నీ షార్ప్ మొదటి భాగంలో ఉన్నవి.

అయితే మందం ఎంతవరకు తగ్గించవచ్చును? ఇక్కడ గ్రంథానికి కాలం అన్యాయం చేసింది. బర్మింగ్‌హాంలో మేకులు చేసే ఒక కుటుంబానికి చెందిన ఆల్‌ఫ్రెడ్ రేనాల్డ్స్, జె.టి. హెవిట్ అనే సహచరునితో కలిసి, సరిగా మరుసటి ఏడు, అంటే 1897లో, రెండు కొసలలో మందంగాను నడుమ పలుచగాను ఉండే గొట్టానికి పేటెంటు పొందాడు. వెలుపల చూస్తే గొట్టం అంతటా ఒకే వ్యాసం. తేడా అంతా లోపలే. మెట్లు గల ఒక కడ్డీని గొట్టంలో దూర్చి రెండింటినీ కలిపి బెజ్జం గుండా లాగితే లోపలి గోడ ఆ మెట్ల ఆకారం పొందుతుంది. ఇక కడ్డీ బయటికి రావడమెట్లా? లావు కొస సన్నని కొస గుండా రాదు గదా! ఏటవాలుగా అమర్చిన రోలర్ల మధ్య గొట్టాన్ని దొర్లించి, దాని వ్యాసం రవ్వంత పెరిగేటట్లు చేసి, కడ్డీని ఊడదీస్తారు. ఈ ఉపాయం చూచినప్పుడు నాకు షార్ప్ కంటే ఆ మేకుల కుటుంబం మీద గౌరవం కలిగింది.

లాభం ఎంతో చూడండి. 60 సెంటీమీటర్ల గొట్టం అంతటా 0.9 మిల్లీమీటరు మందం ఉంటే బరువు సుమారు 370 గ్రాములు. రెండు కొసలలో పదేసి సెంటీమీటర్లు మాత్రం 0.9 ఉంచి నడుమ 0.6 చేస్తే సుమారు 290 గ్రాములు. ఎనభై గ్రాములు పోవడం పెద్ద విషయం కాదనిపించవచ్చును. కాని పోయినది పని లేని చోటి ఉక్కు. చట్రంలో వంపు ఎక్కువగా పడేది కీళ్ల దగ్గర. అంతేకాదు, కీలు దగ్గర ఇత్తడి మాటు వేసేటప్పుడు 900 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడి ఎక్కుతుంది. చల్లగా లాగడం వల్ల గొట్టానికి వచ్చిన గట్టిదనం ఆ వేడికి కొంత పోతుంది. ఆ నష్టానికి పరిహారంగానే అక్కడ మందం. దీనివల్ల పనివాడికి ఒక కట్టుబాటు ఏర్పడుతున్నది. అట్టి గొట్టాన్ని తన ఇష్టం వచ్చిన కొస నుంచి కోసుకోరాదు. ఒక కొస నుంచే ఎక్కువ తెగ్గోస్తే మందమైన భాగం చెత్తబుట్టలోకి పోయి, పలుచని గోడ మంటలోకి వస్తుంది. అది కంటికి కనిపించదు, రంగు వేసిన తరువాత ఎన్నటికీ కనిపించదు.

ఇక ఉక్కు రకాన్ని గురించి ఒక మాట చెప్పవలసి ఉన్నది. 1935లో రేనాల్డ్స్ వారి మాంగనీసు-మాలిబ్డినం ఉక్కు 531 అనే సంఖ్యతో వచ్చింది. ఇటలీలో మిలాను నగరపు కొలంబస్ గొట్టాలూ అంత పేరు పొందినవే. ఖరీదైన ఉక్కు 'బిగువుగా' ఉంటుందని సైకిలు ప్రియులు చెప్పుకుంటారు. మా తరగతిలో కూడా ఒక విద్యార్థి, "మాస్టారూ, మంచి ఉక్కు వంగదు గదండీ?" అని అడిగాడు. వంగుతుంది. పనికిమాలిన ఉక్కు ఎంత వంగుతుందో అదే బరువుకు అంతే వంగుతుంది. యంగ్ గుణకం అన్ని ఉక్కులకూ ఇంచుమించు ఒకటే, చదరపు మిల్లీమీటరుకు సుమారు 2 లక్షల న్యూటన్లు. తేడా మరొక చోట ఉన్నది. సాధారణమైన మెత్తని ఉక్కు చదరపు మిల్లీమీటరుకు 250 న్యూటన్ల దగ్గర లొంగిపోయి, తిరిగి మొదటి ఆకారానికి రాదు. మేలిరకం గొట్టపు ఉక్కు 600, 700 న్యూటన్ల దాకా ఓర్చుకుంటుంది. అందువల్ల గోడ పలుచన చేయవచ్చును. పలుచన చేసినప్పుడు చట్రం బిగువు తగ్గుతుంది గాని పెరగదు! 1990లలో అమెరికాలో ఒక సైకిలు పత్రిక ఇటలీ పనివాడు ఆంటోనియో మోండోనికో చేత ఒకే కొలతలతో ఏడు చట్రాలు, వేర్వేరు కొలంబస్ గొట్టాలతో, చేయించి, ఏది ఏదో చెప్పకుండా తొక్కించింది. తొక్కినవాడికి వాటి మధ్య తేడా చెప్పడం గగనమైంది. ఒక్క మనిషి తొక్కిన దానిని ప్రయోగం అనలేము. కాని ఇన్నేళ్లుగా జరుగుతున్న ప్రచారానికి అది మంచి ప్రశ్న.

ఇప్పుడు గొట్టాన్ని నొక్కడం. చైను, టైరు, పెడలు చేయి మూడూ ఇరుకులో ఉండే చోట, అంటే వెనుక చక్రానికి పోయే కింది గొట్టాల ముందుభాగంలో, పనివాడు గొట్టం పక్కను వైసులో పెట్టి ఒక కడ్డీతో లొట్ట పెడతాడు. కొన్ని గొట్టాలు ముందే కోడిగుడ్డు ఆకారంలో నొక్కి వస్తాయి. అది చూడ ముచ్చటగా ఉంటుంది కాబట్టి ప్రధాన గొట్టాలను కూడా నొక్కి అమ్మిన కాలం వచ్చింది. నొక్కితే ఏమవుతుంది? 28.6 మిల్లీమీటర్ల గుండ్రని గొట్టాన్ని, చుట్టుకొలత మారకుండా, పొడవు వెడల్పుకు రెట్టింపు ఉండేటట్లు నొక్కామనుకుందాము. అది 37 మిల్లీమీటర్లు, 18.5 మిల్లీమీటర్లు గల దీర్ఘవృత్తం అవుతుంది. పొడవు దిక్కున వంపును ఎదిరించే శక్తి మూడో వంతుకు పైగా పెరుగుతుంది. అడ్డదిక్కున సగానికి దిగజారుతుంది. పురి విషయంలో మాత్రం ఏ దిక్కూ లాభం లేదు. మూసిన పలుచని గొట్టం పురిని ఎదిరించే శక్తి, అది చుట్టుకొన్న వైశాల్యపు వర్గంతో పాటు మారుతుంది. ఒకే చుట్టుకొలత గల ఆకారాలలో అత్యధిక వైశాల్యం వృత్తానిదే అని రేఖాగణితం చెబుతున్నది. కాబట్టి గుండ్రని గొట్టాన్ని ఎట్లా నొక్కినా పురిలో నష్టమే. పై ఉదాహరణలో ఆ నష్టం నూటికి 29 వంతులు.

ఉపాధ్యాయులు దీనిని డబ్బు ఖర్చు లేకుండా చూపవచ్చును. ఒక డ్రాయింగు కాగితాన్ని గొట్టంగా చుట్టి అంచు పొడవునా జిగురు పెట్టి ఆరనివ్వండి. మరొక దానిని జిగురు లేకుండా చుట్టి రెండు చోట్ల రబ్బరు బ్యాండు వేయండి. రెండింటినీ చేతులతో పురి తిప్పమనండి. మొదటిది గట్టిగా ఎదురుతిరుగుతుంది. రెండవది తువాలు పిండినట్లు తిరిగిపోతుంది. 14 మిల్లీమీటర్ల వ్యాసార్ధం, 0.7 మిల్లీమీటరు మందం గల ఉక్కు గొట్టానికి పొడవునా ఒక్క చీలిక పడితే పురిని ఎదిరించే శక్తి 1200వ వంతుకు పడిపోతుంది. అతుకు లేని గొట్టాన్ని జర్మనీలో మన్నెస్‌మన్ సోదరులు 1885లో సాధించినప్పుడు గొట్టాల లోకం ఎందుకంత సంబరపడిందో ఈ కాగితం చుట్ట చెబుతుంది. సొంతగా చట్రం చేసే పనివాడు లొట్ట పెట్టేటప్పుడు కడ్డీ అంచు గీరుకోకుండా జాగ్రత్తపడడం కూడా అందుకే. గీత చీలికకు పునాది.

కోయడం మరింత అందమైన పని. పై గొట్టం నిలువు గొట్టాన్ని తాకే చోట దాని కొస తిన్నగా ఉంటే రెండు చుక్కల దగ్గర మాత్రమే ఆనుతుంది. అంతటా ఆనవలెనంటే కొసను చేప నోరు మాదిరిగా కోయవలె. పక్కల రెండు చెవులు ముందుకు వచ్చి నిలువు గొట్టాన్ని పట్టుకొంటాయి. ఆ చెవి ఎంత పొడవుండవలె? గొట్టాలు లంబంగా కలుస్తున్నవనుకొని, పై గొట్టపు నడినెత్తి నుంచి కోణం కొలవండి. చిన్న గొట్టపు వ్యాసార్ధాన్ని ఆ కోణపు సైనుతో గుణించి వర్గం చేయండి. దానిని పెద్ద గొట్టపు వ్యాసార్ధపు వర్గం నుంచి తీసివేసి వర్గమూలం కట్టండి. ఆ వర్గమూలాన్ని పెద్ద వ్యాసార్ధం నుంచి తీసివేస్తే, ఆ కోణం దగ్గర చెవి ఎంత ముందుకు రావలెనో తెలుస్తుంది. 31.8 మిల్లీమీటర్ల తల గొట్టాన్ని 25.4 మిల్లీమీటర్ల పై గొట్టం తాకితే చెవి పొడవు 6.3 మిల్లీమీటర్లు. వెనుక 28.6 మిల్లీమీటర్ల సీటు గొట్టం దగ్గర 7.7 మిల్లీమీటర్లు. రెండు గొట్టాలూ సమానమైతే చెవి కొన కత్తిమొనలా పదునెక్కుతుంది. నిజమైన చట్రంలో కోణం లంబం కాక 73 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది కాబట్టి ఈ వక్రం ఒక పక్కకు ఒరుగుతుంది. పదవ తరగతి త్రికోణమితి చాలు. విద్యార్థి ఈ వక్రాన్ని గ్రాఫు కాగితం మీద గీసి, కత్తిరించి, గొట్టానికి చుట్టి, దాని వెంబడి గీత పెట్టవచ్చును. చేతితో చట్రాలు చేసేవారిలో చాలామంది మొదలుపెట్టేది ఇట్టి కాగితంతోనే. వెంటనే ఉక్కు దొరకకపోతే మైనపు వత్తికి కాగితం చుట్టి చాకుతో ఏటవాలుగా కోసి విప్పండి. సైను అల కనిపిస్తుంది. నేను చూపిన ప్రతిసారీ వెనుక బెంచీవాళ్లు కూడా లేచి వచ్చారు.

గీత పెట్టిన తరువాత రంపంతో దగ్గరగా కోసి, అర్ధచంద్రాకారపు ఆకురాయితో అరగదీయడం, గొట్టాన్ని ఆనించి వెలుతురుకు ఎత్తి చూడడం, సందులో వెలుగు కనిపిస్తే మళ్లీ అరగదీయడం. వెండి కలిసిన మాటు లోహం ఇత్తడి కంటె తక్కువ వేడికే, 600, 700 డిగ్రీల మధ్య, కరిగి సందులోకి కేశాకర్షణ వల్ల ఎగబాకుతుంది. ఆ సందు ఒక మిల్లీమీటరులో పదో వంతు ప్రాంతాన ఉంటేనే అది బాగా పాకి గట్టిగా పట్టుతుంది. ఈ పనికి ఓపిక తప్ప మరొక ముడిసరుకు లేదు. ఇక్కడే మోసానికి కూడా చోటున్నది. గొట్టాలు కలిసే చోట తొడుగు వేసి మాటు పెట్టే పద్ధతిలో, లోపల కోత సరిగా ఉన్నదో లేదో కొన్నవాడు ఎన్నటికీ చూడలేడు. తిన్నగా తెగ్గోసిన గొట్టాన్ని తొడుగులో దూర్చినా సైకిలు నడుస్తుంది. అప్పుడు బలమంతా పలుచని తొడుగు గుండా పోవలసి వస్తుంది. విరిగేది చాలా ఏళ్ల తరువాత.

ఈ భాగంలోనే నాకు షార్ప్ మీద మొదటి ఫిర్యాదు. పుస్తకం ఉపశీర్షికలో 'డిజైను, నిర్మాణం' అన్న రెండు మాటలూ ఉన్నవి. కాని అధ్యాయాల పట్టిక మొత్తం చూచినా కార్ఖానా పనికి ఒక అధ్యాయం లేదు. ఆయన దృష్టిలో నిర్మాణం అంటే కూర్పు, చేయడం కాదు. అతికి ఉన్న చట్రం మీద బరువు ఎట్లా పడుతుందో ఆయన చెబుతాడు. ఆ చట్రం ఎట్లా అతికిందో పనివాడి సంగతి.

రెండవ ఫిర్యాదు మరింత లోతైనది. అది వంచడం దగ్గర వస్తుంది. ముందు ఫోర్కు కాళ్లను చూడండి. పైన మెడ దగ్గర దీర్ఘవృత్తంగా, ముందు వెనుకల పొడవుగా ఉంటాయి. కిందికి పోయిన కొద్దీ సన్నబడి గుండ్రమవుతాయి. చివర ముందుకు వంగుతాయి. మొదటి రెండు లక్షణాలకూ షార్ప్ సూత్రాలతో సమాధానం దొరుకుతుంది. చక్రపు ఇరుసు దగ్గర తాకిన దెబ్బకు వంపు భ్రామకం ఇరుసు దగ్గర సున్న, మెడ దగ్గర గరిష్ఠం. అందువల్ల మెడ లావు, కొస సన్నం. బ్రేకు పట్టినప్పుడూ గతుకు తగిలినప్పుడూ బలం ముందు వెనుకలుగా పనిచేస్తుంది కాబట్టి పొడవు ఆ దిక్కున. ముందుకు వంపు ఎందుకంటే, ఇరుసు హాండిలు అక్షానికి కొంత ముందుండవలె. ఆ దూరం మీద సైకిలు నడక ఆధారపడుతుంది. దానికి షార్ప్ ఒక అధ్యాయమే ఇచ్చాడు. వంపు స్ప్రింగులా దెబ్బలు మింగుతుందన్నది మాత్రం సగం నమ్మకం. 1980ల చివరలో ఇటలీలో ఎర్నెస్టో కొల్నాగో తిన్నని కాళ్ల ఫోర్కును, కాళ్లను మెడ దగ్గరే ముందుకు వాల్చి, చేసి చూపాడు. తొక్కినవారి చేతులేమీ ఊడిపోలేదు.

ఇంతవరకు బాగున్నది. కాని ఆ వంపు పెట్టేటప్పుడు గొట్టం లోపల జరిగేదేమిటి? 14 మిల్లీమీటర్ల గొట్టాన్ని 15 సెంటీమీటర్ల వ్యాసార్ధపు అచ్చు మీద వంచితే వెలుపలి గోడ నూటికి 4.7 వంతులు సాగుతుంది, లోపలి గోడ అంతే కుంచించుకొంటుంది. 600 న్యూటన్ల ఉక్కు నూటికి 0.3 వంతు సాగేసరికే లొంగిపోతుంది. అంటే వంపు పెట్టే పని స్థితిస్థాపక అవధికి పదిహేను రెట్లు ఆవల జరుగుతున్నది. అవధి లోపలే వంచవలెనంటే అచ్చు వ్యాసార్ధం 2.3 మీటర్లు ఉండవలె. అట్టి ఫోర్కు ఫోర్కే కాదు. షార్ప్ ప్రతిబలాల అధ్యాయమంతా అవధికి ఇవతల నిలబడి రాసినది. పనివాడి జీవితమంతా అవధికి ఆవల ఉన్నది. ఒకే గొట్టం, రెండు లోకాలు. వంగేటప్పుడు గొట్టం చప్పిడి కావడం, లోపలి గోడ ముడతపడడం కూడా ఆ ఆవలి లోకపు సంగతులే. వంగే గొట్టం దానంతట అదే చప్పిడై ఇంకా సులభంగా వంగిపోతుందని బ్రేజియర్ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు 1927లో గణితంతో చూపాడు. దీనిని అరికట్టడానికే పనివారు గొట్టంలో ఇసుక దట్టించి వంచేవారు. వేడి చేసి వంచేటట్లయితే ఇసుక పూర్తిగా పొడిగా ఉండవలె. తడి ఉంటే ఆవిరై బిరడాను తుపాకి గుండులా విసురుతుంది. బడిలో ఎవరూ ఈ పనికి పూనుకోరాదు.

ఇక నా ముచ్చట. మూడేళ్ల క్రితం కాలేజీకి పోతూ రోడ్డు పక్క కంకర కుప్పకు గుద్దుకొన్నాను. సైకిలు ఫోర్కు వెనక్కు వంగింది. మా వీధి చివర సైకిలు షాపు పెద్దాయన దగ్గర బెండు తీయించుకోబోయాను. ఆయన ఒక ఇనుప పైపు దూర్చి, బలంగా ముందుకు లాగి, చూచి, ఇంకా లాగాడు. "చాలు గదా బాబాయ్, తిన్నగా వచ్చింది" అన్నాను. "తిన్నగా వచ్చినప్పుడు ఆపితే వెనక్కు పోతుందండి మాస్టారూ. కాస్త దాటించి వదిలితే అక్కడికి వచ్చి నిలుస్తుంది" అన్నాడు. అవధి దాటిన లోహం కూడా తన స్థితిస్థాపకత మేరకు వెనక్కు వస్తుందన్న పాఠాన్ని నేను ఎన్నోసార్లు బల్ల మీద గ్రాఫు గీసి చెప్పాను. ఆయన గ్రాఫు లేకుండా చెప్పాడు. పని అయిన తరువాత, "ఇది నాలుగు రోజులు నడుస్తుంది గాని కొత్త ఫోర్కు వేయించుకోండి. ఒకసారి అటూ ఇటూ వంగినదానిని నమ్మకూడదు" అని కూడా అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఉక్కు గుణం మంచిదేనని లెక్క కట్టుకున్నాను. ఆరు నెలలకు తుడిచేటప్పుడు మెడ కింద రంగు మీద తల వెంట్రుకంత తుప్పు గీత కనిపించింది. గోటితో గీస్తే పోలేదు. అది పగులు. పిల్లవాడిని ముందు కూర్చోబెట్టుకొని ఆ సైకిలు మీద ఎన్నిసార్లు వాగు వంతెన దిగానో ఆ రాత్రి లెక్కపెట్టుకున్నాను.

పగులు ఎక్కడ వస్తుందో షార్ప్ సూత్రం సరిగానే చెబుతుంది, భ్రామకం గరిష్ఠంగా ఉండే మెడ దగ్గర. ఎందుకు వస్తుందో, అవధి దాటి ముందుకూ వెనక్కూ వంగిన లోహం ఆయుర్దాయం ఎంత తరుగుతుందో ఆ అధ్యాయపు లెక్కలలో లేదు. ఆ రోజు నాకు తెలిసిన శాస్త్రం అబద్ధం కాదు, అది వేరొక ప్రశ్నకు సమాధానం. బాబాయి చెప్పినది నా ప్రశ్నకు సమాధానం. దానిని నేను శాస్త్రంగా గుర్తించలేదు.

ఇక అలంకారాన్ని గురించి. 1930లలో లండనులో హైమన్ హెచిన్ అనే వ్యాపారి దుకాణం నుంచి, జాక్ డెన్నీ అనే పనివాడి చేతి మీదుగా, వెనుక గొట్టాలు మెలిక తిరిగిన చట్రాలు వచ్చినవి. తీగలాగా ఒకసారి అటు, ఒకసారి ఇటు వంగి చక్రానికి చేరతాయి. రోడ్డు అదురును అవి మింగుతాయని ప్రకటించారు. షార్ప్ పుస్తకం చేత పట్టుకొని వీటిని విమర్శించడం సులభం. తిన్నని గొట్టం మీద బలం పొడవునా నొక్కుతుంది. దానిని వంచగానే అదే బలం వంపు భ్రామకంగా మారి గోడ మీద ప్రతిబలం పెంచుతుంది. అదురు సంగతి చూస్తే, గాలి నింపిన టైరు నొక్కుకొనే దానితో పోలిస్తే ఈ మెలికలు ఇచ్చే సడలింపు లెక్కలోకి రాదు. శాస్త్రం దృష్టిలో హెచిన్స్ ప్రకటన ఓడిపోయింది. అయినా ఆ గొట్టాలను ముడత పడకుండా, చప్పిడి కాకుండా, కుడి ఎడమలు ఒకదానికొకటి అద్దంలో బొమ్మలా వంచిన చేతిని నేను తీసివేయలేను. అవధికి ఆవలి లోకంలో ఆ చేతికి దారి తెలుసు. ప్రకటన రాసినవాడు ఆ నిజం చెప్పి ఉంటే సరిపోయేది.

షార్ప్ పుస్తకాన్ని బడి గ్రంథాలయానికి తెచ్చుకునే ఉపాధ్యాయులకు నా సూచన: మొదటి భాగంలో వంపు, పురి అధ్యాయాలు, మూడవ భాగంలో చట్రపు రెండు అధ్యాయాలు చదవండి. ప్రమాణాలు అంగుళాలు, పౌనులలో ఉన్నవి కాబట్టి పిల్లల చేత మెట్రిక్ లోకి మార్పించవలసి ఉంటుంది. మూడు చక్రాల బండ్ల వర్ణనలు చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి. చట్రపు ప్రతిబలాల అధ్యాయం ముగిసిన రోజున ఒక పాత సైకిలు పుల్లను తరగతికి తీసుకొని పోండి. దానిని 5 సెంటీమీటర్ల సీసా చుట్టూ గట్టిగా వంచి వదలండి. వదిలిన తరువాత అది ఏర్పరచే వృత్తపు వ్యాసాన్ని కొలిపించండి. అది 5 సెంటీమీటర్లు ఉండదు. ఎంత ఎక్కువ ఉన్నదో నోటుబుక్కులో రాయించి, సీసా వ్యాసం ఎంత ఉంటే పుల్ల సరిగా 5 సెంటీమీటర్ల వద్ద నిలుస్తుందో వేర్వేరు సీసాలతో వెతకమనండి. మా తరగతిలో దీనికి రెండు పీరియడ్లు పట్టింది, ఎనిమిది పుల్లలు ఖర్చయినవి.